కాలువపడవలో రంగుల ఫిల్ము

గోదావరి డెల్టాలో పుట్టినవారికి కాలువపడవ క్రొత్తది కాదు. మన పెద్దలు పెండ్లికి పోయినను, సంతకు పోయినను పడవలోనే పోయెడివారు. ఇంగ్లండులోను వేల్సులోను 18వ శతాబ్దినుండి బొగ్గును, సరుకులను మోయుటకు త్రవ్విన కాలువలు నేడు విహారస్థలములైనవి. సంసారము నంతటిని ఎక్కించుకొని, వంటయు నిద్రయు పడవలోనే జరుపుకొనుచు వారము దినములు గడుపుట అచ్చట పరిపాటి. ఆ పడవ వెడల్పు 7 అడుగులకు లోపు. పొడవు 70 అడుగులవరకు ఉండవచ్చును. గంటకు 4 మైళ్లకు మించి పోరాదు. ఇట్టి నెమ్మది ప్రయాణములో కుటుంబమువారి పటములను రంగుల ఫిల్ముమీద తీయుట యెట్లో ఈ పూట మనవి చేసెదను.

జేబులో ఫోనుండగా ఫిల్మెందుకని అడుగువారు కలరు. ఫిల్ముచుట్టలో 36 పటములే యుండును గనుక, ఏది తీయదగినదో, ఏది కాదో ఆలోచింపక తప్పదు. కాలువపడవలో ఆలోచించుటకు తీరికకు కొదువ లేదు.

రంగుల ఫిల్ములు ముఖ్యముగా రెండు తెగలు. నెగెటివు ఫిల్ములో రంగులు తారుమారుగా పడి, కాగితముమీద అచ్చువేసినప్పుడు సరియగును. స్లైడు ఫిల్ములో ఫిల్ముమీదనే నిజమైన రంగు నిలుచును. ప్రఖ్యాతమైన కోడక్రోము ఈ రెండవ తెగలోనిది. అది 1935లో సినిమాఫిల్ముగా పుట్టి, 1936లో చేతికెమేరాలకు వచ్చి, 2009లో తయారు నిలిచిపోయినది. 2010 సంవత్సరాంతమునకు దానిని కడుగు కడపటి స్థలమును స్వీకరించుట మానినది. మీ యింటి పెట్టెలో కడుగని కోడక్రోము చుట్ట దొరకినచో, దానినుండి నలుపు తెలుపు పటము నాశింపవచ్చునేగాని రంగులను సామాన్యముగా ఆశింపరాదు.

స్లైడు ఫిల్ము పొరపాటును సహింపదు. వెలుతురు కొంచెము హెచ్చినను తెలుపులు వెలిసిపోవును. నెగెటివు ఫిల్ము ఒకటి రెండు మెట్ల హెచ్చును సునాయాసముగా ఓర్చుకొనును. తగ్గినచో మాత్రము నీడలు మురికిబారును. కుటుంబయాత్రకు నెగెటివు ఫిల్మే మేలని నా అభిప్రాయము. ఈ సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని.

వేల్సులో లాంగోలెన్ కాలువమీద పాంట్‌కసల్తె అను అక్విడెక్టు కలదు. కోనసీమలో గన్నవరమువద్ద వైనతేయమును దాటు కాలువను చూచినవారికి దాని పని విప్పి చెప్పనక్కరలేదు. టెల్ఫర్డు, జెస్సప్ అను ఇంజనీర్ల చేతిమీదుగా 1805లో ముగిసిన ఆ కట్టడమున, డీ నదికి 126 అడుగుల యెత్తున, 1,007 అడుగుల పొడవున ఇనుపతొట్టిలో నీరు నడచును. ఒక ప్రక్క కాలిబాటయు కటకటాలును కలవు. రెండవ ప్రక్క తొట్టి అంచు తప్ప అడ్డమేమియు లేదు. అచ్చట మా నాన్నగారు చుక్కాని పట్టిరి. ఆయన చిన్ననాడు కాలువగట్టున పెరిగినవారు. "మన కాలువే గదరా యిది!" అని నవ్వుచుండగా స్లైడు ఫిల్ముమీద పటము తీసితిని. ఆయన వెనుక అంతయు ఆకాశమే. కెమేరాలోని మీటరు ఆ ఆకాశమును లెక్కకు తీసికొని, వెలుతురు మెండుగా నున్నదని చెప్పినది, నేను నమ్మితిని. కడిగి వచ్చిన స్లైడులో మేఘములు చక్కగా నున్నవి, నాన్నగారి ముఖము బొగ్గువలె నున్నది. మరల ఆయనను అచ్చటికి తీసికొనిపోవు అవకాశము కలుగలేదు.

అట్టి చోట చేయవలసిన పని అతిస్వల్పము. ఎదుటివాని ముఖముమీద ఏ వెలుతురు పడుచున్నదో ఆ వెలుతురులోనే మీ అరచేతిని చాపి, కెమేరాను దానికి దగ్గరగా తెచ్చి మీటరు చూడుడు. అరచేయి కొంత తెల్లనిది గనుక, మీటరు చెప్పినదానికంటె ఒక మెట్టు హెచ్చుగా వెలుతురు నిండు. ఆకాశము తెల్లబారవచ్చును, బారనిండు. మనము పోయినది ఆకాశముకొరకు కాదు గదా.

మీటరు లేనివారు 200 వేగముగల ఫిల్మునకు ఈ కొలతలు జ్ఞాపకముంచుకొనవచ్చును: షట్టరు 1/250 సెకండు, నిండు ఎండలో ఎఫ్ 16, మబ్బు కమ్మినప్పుడు ఎఫ్ 8. ఇంజను అదురునకు చేయి కదలును గనుక షట్టరు వేగమును అంతకు తగ్గింపకుండుట మంచిది. మబ్బుపట్టిన దినమున పటములు తీయక కెమేరాను మూసిపెట్టుట పొరపాటు. ముఖములకు మబ్బువెలుతురే హితము. పడవ తొట్టిపై చిత్రించిన గులాబీల యెరుపును దానిలోనే నిండుగా పండును.

చెట్లనీడలో పోవునప్పుడు ఆకుల పచ్చదనము ముఖములపై పడి మనుష్యులు రోగులవలె కనుపింతురు. నీడ దాటువరకు ఆగుటకంటె వేరు వైద్యము లేదు. పడవలోపల పాతరకపు దీపము వెలిగించి తీసినచో, పగటివెలుతురుకొరకు చేసిన ఫిల్ముమీద అంతయు నారింజవన్నె యగును. నాకది ఇష్టమే, వెచ్చదనము తోచును. ఇష్టములేనివారు పగలు కిటికీప్రక్క కూర్చుండబెట్టి తీయవలెను.

లాకులలో మాత్రము మిక్కిలి జాగ్రత్త. పడవ దిగునప్పుడు వెనుకతలుపుల క్రిందనున్న రాతిగడపపై పడవ చివర తగులుకొనినచో, ముందుభాగము క్రుంగి పడవయే మునుగవచ్చును. కాబట్టి చుక్కానివద్దనున్నవాడు కెమేరా పట్టరాదు. పటము తీయువాడు గట్టుమీద నిలిచి, పడవ నీటితో పైకి లేచి మనుష్యుల తలలు వెలుతురులోనికి వచ్చువరకు వేచియుండవలెను. అడుగున నున్నప్పుడు తీసిన పటములో నల్లగోడలు తప్ప ఏమియు మిగులదు.

ఇక కెమేరా యజమాని యే పటములోను ఉండడు. మబ్బువేళ ఎఫ్ 8 వద్ద, దూరము 10 అడుగులకు అమర్చి, కెమేరాను పిల్లల చేతికిచ్చుట నా పద్ధతి. ఎనిమిదేండ్ల మా అమ్మాయి అట్లు తీసిన పటములో నా తల సగము తెగినది. ప్రక్కనున్న నాన్నగారి ముఖము మాత్రము స్పష్టముగా నున్నది. మా యింట గోడనున్నది ఆ పటమే.

తీసిన చుట్టలను పొయ్యికి, కిటికీయెండకు దూరముగా ఉంచుడు. విమానమున తిరిగి వచ్చునప్పుడు వానిని పెద్దపెట్టెలో వేయకుడు. చేతిసామానును చూచు క్రొత్తరకపు స్కానరులును కడుగని ఫిల్మును చెరుపును గనుక, చుట్టలను పారదర్శకమైన సంచిలో పెట్టి, చేతితోనే పరీక్షింపుడని అచ్చటి ఉద్యోగులను ముందుగా అడుగుడు.