రాతి కడుపులో ప్రాణము

బౌరంపేట వీధులలో బోరుబావి త్రవ్వుచుండగా చూచినవారికి ఈ సంగతి తెలియును. మొదట ఎఱ్ఱమన్ను, పిదప మొరము, ఆ పిమ్మట గట్టి బండ. బండ తగిలినది మొదలు పైకి వచ్చునది బూడిదరంగు పొడి మాత్రమే. ఏ బీటయో తగిలినగాని నీరు పడదు. హైదరాబాదు చుట్టునుగల ఈ గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. కరగిన ద్రవము చల్లబడి గట్టిపడినది గనుక పుట్టుకనాడు దీనిలో ఏ ప్రాణియు లేదు. మఱి ఇట్టి రాళ్ళలో నేడు ప్రాణము కలదా? కలదని శాస్త్రజ్ఞులు తేల్చిరి.

మహారాష్ట్రములోని కోయనా ప్రాంతమున 1967 డిసెంబరులో పెను భూకంపము సంభవించినది. అచ్చటి భూకంపముల కారణము నరయుటకై త్రవ్విన బావులలో ఒకటి 2017 నాటికి 3 కిలోమీటర్ల లోతునకు చేరినది. ఈ కృషిలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారికి ముఖ్యమైన పాత్ర కలదు. అచ్చట పైన లావా రాయి, క్రింద మన వంటి పురాతన గ్రానైటు. ఆ లోతునుండి తీసిన రాతి కడ్డీలను ఖరగపూరు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు పరీక్షించి, రెండు రాళ్ళలోను సూక్ష్మజీవుల జాడలను కనుగొనిరి.

ఎండ సోకని, ఆకు రాలని ఆ చోట ఆహారమెట్లు దొరకును? లోతు రాళ్ళలో కర్బన పదార్థము అత్యల్పము. కాని గ్రానైటులో యురేనియము, థోరియము లేశమాత్రముగ ఉండును. వాటి కిరణములు బీటలలోని నీటిని విడగొట్టగా ఉదజని వాయువు పుట్టును. కొన్ని సూక్ష్మజీవులకు ఈ వాయువే ఇంధనము. దక్షిణాఫ్రికా బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున ఇట్లు జీవించు సూక్ష్మజీవి యొకటి దొరికినది. రాతిలోని కప్పకు సైతము ఆహారము కలదని మన పెద్దలనుట ఇచ్చట జ్ఞప్తికి వచ్చును.

ఇది దూరపు విషయమని గృహిణులు తలంపరాదు. బోరునీటి తొట్టిలో ఎఱ్ఱని జిగట పేరుకొనుట పలుమారులు ఇనుముతో బ్రతుకు సూక్ష్మజీవుల పని. నీటికి క్రుళ్ళిన గ్రుడ్డు వాసన తెచ్చునవి గంధక లవణములతో బ్రతుకు మఱియొక తెగవి. ఇవి సామాన్యముగ రోగకారకములు కావు. మనకు కీడు చేయునవి పైనుండి దిగునవి. నీటిని తెచ్చు బీటయే మరుగుదొడ్డి గుంట ఊటను గూడ తేగలదు. మన్ను వలె రాతి బీట దానిని వడగట్టదు.

కావున బోరు ఎంత లోతైనదన్న ప్రశ్న ఒక్కటే చాలదు. మన్ను, మొరము ఉన్నంతవరకు గొట్టము గట్టిగా దింపిరా? గుంట బావికి దూరమున నున్నదా? నీటిని పరీక్షింపించితిరా? ఈ మూడింటిని గూడ విచారించుకొన వలసినదిగా మా మనవి. కోట్ల యేండ్లు ఒదిగియున్న రాతి బీటలో ఒకసారి చేరిన మురుగు సులభముగ పోవునది కాదు.