పెద్దల సంరక్షణలో చట్టం చూడని మనిషి

వృద్ధుల సంరక్షణ గురించి మన దేశంలో జరిగే చర్చ చాలావరకు నిరాదరణతో మొదలై నిరాదరణతోనే ముగుస్తుంది. ఆస్తి రాయించుకుని తల్లిని ఇంటి నుంచి గెంటేసిన కొడుకు పత్రికలకెక్కుతాడు గాని, ఏళ్ల తరబడి మంచాన ఉన్న అత్తగారికి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, అన్నం కలిపి తినిపించే కోడలి గురించి ఎవరూ రాయరు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా ప్రధానంగా ఆ కొడుకును దృష్టిలో పెట్టుకున్నదే.

ఆ చట్టం వల్ల ఒనగూరే రక్షణ తక్కువదేమీ కాదు. తమ సంపాదనతో గాని ఆస్తితో గాని బతకలేని తల్లిదండ్రులు సంతానం నుంచి పోషణ ఖర్చు కోరుతూ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఈ ట్రిబ్యునల్‌కు రెవెన్యూ డివిజనల్ అధికారి, అంటే ఆర్డీవో, అధ్యక్షత వహిస్తారు. నోటీసు అందిన 90 రోజుల్లో, ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజుల్లో, విచారణ ముగించాలన్నది నియమం. చట్టంలో నెలసరి పోషణకు విధించిన గరిష్ఠ పరిమితి 10,000 రూపాయలు. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి ఇచ్చిన తరువాత ఆ మాట తప్పితే దస్తావేజును రద్దు చేయించుకునే వీలును 23వ సెక్షన్ కల్పిస్తుంది. అయితే ఆ షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పగా, వృద్ధుల మేలు కోసం చేసిన చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని మరో ధర్మాసనం 2025 జనవరిలో చెప్పింది. కనుక గిఫ్టు దస్తావేజు రాసే పెద్దలు ఆ షరతును అందులోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం.

ఇంతకూ ఈ చట్టం దృష్టిలో సంతానం అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు మాత్రమే. ఆ జాబితాలో కోడలు లేదు. 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు కోడలిని, అల్లుడిని కూడా అందులో చేర్చాలని ప్రతిపాదించింది గాని చట్టం కాలేకపోయింది. బాధ్యతను పంచాలన్న ఆలోచన సబబైనదే అయినా, ఆ బాధ్యతను అప్పటికే మోస్తున్న కోడలికి విశ్రాంతి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు అందులోనూ సరైన జవాబు లేదు.

ఇంట్లో జరిగే పని ఎలాంటిదో తెలిస్తే ఆ ప్రశ్న బరువు అర్థమవుతుంది. పక్షవాతం వచ్చి కదలలేని వ్యక్తికి తుంటి, నడుము కింది ఎముక, మడమల దగ్గర చర్మం నిరంతర ఒత్తిడికి గురై, రక్తప్రసారం తగ్గి పుండ్లు పడతాయి. ఈ పడక పుండ్లను నివారించడానికి రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సులు చెబుతారు, కాని రాత్రి కూడా అలా తిప్పవలసిన మనిషికి నిద్ర అన్నదే తునకలవుతుంది. పైగా ఎత్తే పద్ధతి ఎవరూ నేర్పకపోవడంతో సేవ చేసేవారే నడుం నొప్పితో ఆసుపత్రికి వెళ్లవలసి రావడం సామాన్యం.

జ్ఞాపకశక్తి, ఆలోచన, వివేచన క్రమంగా క్షీణించే డిమెన్షియా విషయంలో కష్టం మరో రకంగా ఉంటుంది. దేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, దీనితో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అంచనా చెబుతున్నా, తెలుగు ఇళ్లలో దీన్ని ఇప్పటికీ చాదస్తం కింద కొట్టిపారేస్తారు. చీకటిపడే వేళకు అలజడి పెరగడం, భోజనం చేసి కూడా అన్నం పెట్టలేదనడం, తానే ఎక్కడో దాచిన గొలుసును దగ్గరున్నవారు దొంగిలించారని నిందించడం ఈ జబ్బు లక్షణాలే. చూడడానికి వచ్చిన ఆడపడుచు ముందు అదే పెద్దావిడ గంటసేపు చక్కగా మాట్లాడడంతో, నింద నిజమై కూర్చుంటుంది. వైద్యుడు కుటుంబాన్నంతా ఒకచోట కూర్చోబెట్టి జబ్బు తీరు వివరించడం ఇక్కడ మందుతో సమానం.

ఇలాంటి ఒత్తిడిని కొలవడానికి అమెరికన్ పరిశోధకుడు స్టీవెన్ జరిట్, సహచరులతో కలిసి 1980లో ఒక ప్రశ్నావళిని రూపొందించారు. నిద్ర, ఆరోగ్యం, డబ్బు, స్నేహాలు, తనకంటూ మిగిలే సమయం వంటి విషయాల్లో సంరక్షకుల అనుభవాన్ని ఆరా తీసే ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. మన ఆసుపత్రుల్లో అంత లాంఛనం లేకపోయినా, వృద్ధుడి బీపీ చూసిన తరువాత వెంట వచ్చిన వ్యక్తి బీపీ కూడా చూడడానికి పెద్ద ఖర్చు కాదు.

పెద్దలను అన్నదమ్ములు నెలల వంతున ఉంచుకునే పద్ధతి మన పల్లెల్లో పాతదే, ఆరోగ్యంగా ఉన్నవారి విషయంలో అది నడుస్తుంది కూడా. డిమెన్షియా ఉన్నవారికి మాత్రం ఇల్లు మారడమే పెద్ద దెబ్బ, ఎందుకంటే స్నానాల గది ఏ వైపుందో గుర్తుండకపోవడంతో భయం, పడిపోయే ప్రమాదం రెండూ పెరుగుతాయి. కనుక పెద్దలను ఒకే ఇంట ఉంచి, వంతులు చేసేవారు మారడం మేలు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న తోబుట్టువు ఫోనులో సలహాలిచ్చే కంటే రాత్రి ఆయాకు జీతం పంపడం, ఏడాదికోసారి వచ్చి దగ్గరున్నవారిని కొన్నాళ్లు ఊరికి పంపడం నిజమైన వాటా అవుతుంది.

ఈ విరామాన్ని ప్రభుత్వ బాధ్యతగా గుర్తించిన దేశాలున్నాయి. 1995లో దీర్ఘకాల సంరక్షణ బీమాను ప్రవేశపెట్టిన జర్మనీలో, ఇంట్లో సేవ చేసే బంధువు సెలవు తీసుకుంటే బదులు మనిషికయ్యే ఖర్చును ఒక పరిమితి వరకు బీమా భరిస్తుంది. కేరళ 2008లో ప్రకటించిన పాలియేటివ్ విధానం, అంటే నయం కాని జబ్బుల్లో బాధను తగ్గించే వైద్య విధానం, కింద స్థానిక సంస్థల నర్సులు ఇళ్లకే వెళతారు; తెలంగాణలోనూ ఆలన పేరుతో అలాంటి గృహ సేవ జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు కాగా, పక్షవాతంతో మంచానికే పరిమితమైన వారికి 15,000 ఇస్తున్నారు, అది ఒక సహాయకురాలి జీతంలో చెప్పుకోదగ్గ భాగానికి సరిపోతుంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ వైద్యబీమా, 2017లో హైదరాబాద్‌లో మొదలై తరువాత దేశమంతటా విస్తరించిన 14567 ఎల్డర్ లైన్, మానసిక ఒత్తిడికి సలహా ఇచ్చే 14416 టెలీ మానస్ కూడా అందుబాటులో ఉన్నాయి. చివరిది సంరక్షకులకు కూడా పనికివస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు.

వీటన్నిటి మధ్య పూడని ఖాళీ సమయానిది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల పెంపకం కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల ప్రత్యేక సెలవు ఉంది. మంచాన పడ్డ తల్లిదండ్రుల కోసం అలాంటి ప్రత్యేక సెలవు లేకపోవడంతో, ఆర్జిత సెలవులు, సాధారణ సెలవులు వాడుకోవలసిందే. అవి అయిపోయాక ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకోవలసి వస్తే, ఆ ఒకరు ఎవరన్నది చాలా కుటుంబాల్లో చర్చకు కూడా రాదు.