పద్మశాలి పురాణం ఎక్కడ పుట్టింది? అపోహలు – వాస్తవాలు

సిరిసిల్లలో ఇప్పుడు సాంచాలు పాలిస్టర్ నేస్తున్నాయి. జగిత్యాల, కోరుట్లల్లో ఎన్నో ఇళ్లవాళ్లు మగ్గం దించి బీడీలకో, బొంబాయికో మళ్లారు. అయినా ఏ సాలె వాడలో అడిగినా కథ మాత్రం చెప్తారు. మార్కండేయుడు యాగం చేస్తే హోమగుండంలోంచి భావనాఋషి పుట్టాడు. విష్ణువు నాభి కమలం నుంచి పోగు తీసి దేవతలకు బట్ట నేశాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. వాళ్ల 101 మంది కొడుకుల నుంచే నేటి గోత్రాలన్నీ వచ్చాయి. ఈ కథ ఎక్కడుందని అడిగితే ‘మార్కండేయ పురాణంలో’ అన్న జవాబు తడుముకోకుండా వస్తుంది.

అపోహ: ఇది వ్యాసుడు రాసిన మార్కండేయ పురాణంలోని కథ.

కాదు. పద్దెనిమిది పురాణాల్లో ఒకటైన సంస్కృత మార్కండేయ పురాణానికి 137 అధ్యాయాలు. భారతం మీద నాలుగు సందేహాలతో జైమిని వస్తే, తనకు తీరిక లేదని మార్కండేయుడు ఆయన్ను వింధ్యలో ఉన్న పక్షుల దగ్గరికి పంపుతాడు. అక్కడి నుంచి హరిశ్చంద్రుడు, మదాలస, మనువుల కథలు నడుస్తాయి. 81 నుంచి 93వ అధ్యాయం దాకా దేవీ మాహాత్మ్యం. మగ్గం ఊసు లేదు. పోనీ తెలుగులో వెతుకుదామంటే, మారన దీన్ని తెనిగించి ప్రతాపరుద్రుడి కొలువులోని గన్నయకు అంకితమిచ్చాడు. అందులోని ఒక కథనే పెద్దన మనుచరిత్రగా పెంచాడు. అంటే ఆ పుస్తకంలో ప్రవరుడు దొరుకుతాడు గానీ భావనాఋషి దొరకడు.

అపోహ: సంస్కృతంలో లేదంటే ఎవరో అల్లిన కట్టుకథే.

చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. నాకైతే మొదటి అపోహ కన్నా ఇదే పెద్దదనిపిస్తుంది. ఈ పురాణానికి సొంత ఇల్లుంది. అది తాటాకు కాదు, పటం. చెప్పేవాళ్లు కూనపులోళ్లు. పద్మశాలీలను ఆశ్రయించి బతికే కులం వాళ్లది. ఏ ఊళ్లో ఎవరు కథ చెప్పి కట్నం తీసుకోవాలన్నది తాతల నాటి నుంచి వచ్చే హక్కు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లది, గౌడులకు గౌడ పురాణం చెప్పేవాళ్లదీ ఇదే పద్ధతి.

పటం రాసేవాళ్లు నకాషీలు. ఇప్పుడు చేర్యాలలో కొన్ని కుటుంబాలే మిగిలాయి. ముతక నూలు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూస్తారు. ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మలు దించుతారు. పటం మూడడుగుల వెడల్పుంటే పొడవు పదుల అడుగులు. కథకుడు చుట్ట విప్పుతూ, కర్రతో బొమ్మ చూపిస్తూ, పాటా వచనమూ కలిపి రాత్రుల తరబడి నడిపిస్తాడు. పటం చినిగితే నీళ్లలో నిమజ్జనం చేసి కొత్తది రాయిస్తారు. కాబట్టి ‘అసలు ప్రతి’ ఫలానా మఠంలో దాగుందన్న మాటకు ఇక్కడ అర్థమే లేదు. నేత పుట్టిన కథను నేసిన గుడ్డ మీదే రాయడం మాత్రం నాకు భలే నచ్చుతుంది.

అపోహ: తామర తూడు నుంచి బట్ట వస్తుందనడం పిచ్చి కల్పన.

తూడు విరిస్తే సన్నని పోగులు వస్తాయి. మయన్మార్‌లోని ఇన్లే సరస్సు దగ్గర వాటిని పేని ఇవాళ్టికీ బట్ట నేస్తున్నారు. అలాగని మన నేతకు అదే మొదలని కాదు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఒక రాగి పూసలో దొరికిన నూలు పోగుల వయసే 7 వేల ఏళ్లకు పైబడింది.

అపోహ: కొత్త కథకు పాత ఋషి పేరు తగిలించడం మనవాళ్లకే ఉన్న అలవాటు.

ఇది మనవాళ్లకే పరిమితం కాదు. యూదుల మార్మిక గ్రంథం ‘జోహర్’ సంగతి చూడండి. రోమన్లకు జడిసి 13 ఏళ్లు గుహలో దాక్కున్న 2వ శతాబ్దపు రబ్బీ షిమోన్ బార్ యోహాయ్ చెప్పిందని సంప్రదాయం. అది బయటపడింది మాత్రం 13వ శతాబ్దం చివర, స్పెయిన్‌లో, మోషే దె లియోన్ చేతుల మీదుగా. 1305లో ఆయన పోయాక, అక్కో నుంచి వచ్చిన ఐజాక్ అనే పండితుడు ఆరా తీశాడు. పాత ప్రతి ఏదీ లేదని, అంతా ఆయన సొంత బుర్రలోంచి రాసిందేనని, షిమోన్ పేరుంటే డబ్బు బాగా వస్తుందనేవాడని మోషే భార్య చెప్పినట్టు విన్నాడు. 20వ శతాబ్దంలో గెర్షోమ్ షోలెమ్ ఆ అరామిక్ భాషను పరిశీలించి, అది మధ్యయుగపు రచనేనని తేల్చాడు. ఒక్కడు కాదు, ఒక బృందమే రాసిందన్నది తర్వాతి పండితుల మాట.

దానివల్ల జోహర్‌కు పాఠకులు తగ్గలేదు. మెరోన్ కొండ మీద షిమోన్ సమాధికి ఏటా లక్షల మంది వెళ్తారు. మన దిక్కు నుంచి వలసపోయిన పద్మశాలీలు కూడా షోలాపూర్‌లో శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం లాగుతారు.