కదలని కారు – కాస్త భౌతికశాస్త్రం

వాడని కత్తికి తుప్పు పడుతుందంటారు. కారు సంగతీ అంతే. సెలవులకు ఊరెళ్ళి రెండు నెలల తర్వాత వచ్చి తాళం తిప్పితే "టిక్కు" మని ఊరుకునే కార్లను మనమంతా చూసినవాళ్ళమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా వీధిలో చాలా కార్లకు ఇదే గతి పట్టింది. నడిచినన్నాళ్ళూ బాగున్న బండి ఉత్తినే నిలబడితే ఎలా చెడింది? భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకునే నాకు ఇది మంచి లెక్కలా తోచింది. విద్యార్థి మిత్రులకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

పెట్రోలు ఇంజను లేవాలంటే మూడు పనులు జరగాలి. సెల్ఫ్ మోటారు దాన్ని తిప్పాలి, పెట్రోలు అందాలి, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలి. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చేవరకు, ఇంజనును ఎక్కువగా మనుషులే హ్యాండిల్‌తో తిప్పేవారు. ఆ కండబలమంతా ఇప్పుడు బాటరీ ఇవ్వాలి. కాబట్టి మొదటి అనుమానం దానిమీదే.

కనిపెట్టడానికి పానాలు అక్కర్లేదు, చెవులు చాలు. తాళం తిప్పితే లైట్లూ లేవు, చప్పుడూ లేదంటే బాటరీ పూర్తిగా దిగిపోయిందన్నమాట, లేదా దాని వైరు వదులైంది. "టకటకా" కొట్టుకుంటూ లైట్లు మసకబారితే బాటరీలో బలం చాలడం లేదు. లైట్లు బాగా వెలుగుతూనే ఒక్కసారి "టక్" మని ఊరుకుంటే సెల్ఫ్‌నో, దాని కనెక్షన్లనో చూడాలి. ఇంజను గిరగిరా తిరుగుతున్నా అందుకోకపోతే బాటరీ నిర్దోషి. పెట్రోలో, నిప్పురవ్వో అందడం లేదు.

ఏ పనీ చేయని బాటరీ ఎందుకు దిగిపోతుంది? కారు నిద్రపోయినా దాని గడియారం, దొంగల అలారం, కంప్యూటరు నిద్రపోవు. అవన్నీ కలిసి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నాయనుకోండి. రోజుకు 24 గంటలు గనుక 1.2 ఆంపియర్-అవర్లు, నెలకు 36. చిన్నకారు బాటరీ సామర్థ్యమే సుమారు 35 నుంచి 45. ఇక మిగిలేదేముంది? పైగా దిగిపోయిన బాటరీని అలాగే వదిలేస్తే పలకలమీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ ఛార్జి ఎక్కనివ్వదు.

"హారన్ మోగుతోంది కదండీ, బాటరీ బాగానే ఉంది" అంటారు చాలామంది. హారన్‌కు కొద్ది ఆంపియర్లు చాలు. సెల్ఫ్‌కు వంద దాటాలి. మీటరు పెట్టి చూడండి. నిలకడగా ఉన్న మామూలు బాటరీలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ.

టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టినా కరెంటు పారదు. మా వీధిలో ఒక పెన్షనరుగారి కారుకు సెల్ఫ్ మార్చాలని ఒక మెకానిక్కు వేలల్లో అంచనా వేశాడు. భార్యను వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళవలసిన కారు అది. ఆటోలు కూడా దొరకని రోజులు. నేను వెళ్ళి టెర్మినల్స్ విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, తుడిచి, గరుకుకాగితంతో రుద్ది బిగించాను. కారు లేచింది! విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర. లేకపోతే పానా కారు బాడీకి తగిలి షార్టవుతుంది.

వేరే కారు నుంచి కరెంటు తీసుకోవాలంటే ఎర్రవైరు ముందు దిగిపోయిన బాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్లవైరు మంచి బాటరీ నెగటివ్‌కు. దాని రెండో కొస మాత్రం చెడిన కారు ఇంజనులో రంగులేని ఇనుముకు, బాటరీకి దూరంగా. బాటరీనుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అక్కడ రవ్వ పడితే పేలవచ్చు. ఇంజను లేచాక వైర్లు వెనకనుంచి ముందుకు తీయాలి. తోసి స్టార్టు చేయడం గేర్లు చేత్తో మార్చే బండికే. బాటరీ పూర్తిగా చచ్చిపోతే కొత్తకార్లలో అదీ కుదరకపోవచ్చు.

బాటరీ బాగుండీ ఇంజను అందుకోకపోతే, బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. ఫ్యూజులు చూడండి. తాళం ఆన్ చేయగానే చాలా కార్లలో పెట్రోలు పంపు ఒకటి రెండు సెకన్లు "గుయ్" మంటుంది. అలా అనకపోతే దాన్ని అనుమానించవచ్చు. నెలల తరబడి నిలవున్న పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం తగ్గిపోతుంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది. కొంత కొత్త పెట్రోలు పోసి చూడాలి. సెల్ఫ్‌ను ఒక్క విడతలో పది సెకన్లకు మించి కొట్టకండి; మధ్యలో ఒక నిమిషం ఆగండి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజను నడపవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

రోజూ అయిదు నిమిషాలు నిలబెట్టి నడపడంకంటే వారానికొకసారి అరగంట రోడ్డుమీద తిప్పడం మేలు. ఎక్కువకాలం ఊరెళితే నెగటివ్ వైరు విప్పి వెళ్ళవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా బండి లేవకపోతే మెకానిక్కును పిలవండి, తప్పులేదు. ఆయన అంచనా కాగితం చేతికిచ్చినప్పుడు మాత్రం "ఏ పరీక్ష చేసి తేల్చారండీ?" అని ఒక్కమాట అడగండి. మనం చదువుకున్న చదువుకు ఆ మాత్రం ప్రయోజనం ఉండాలి కదా!