నిండు నెలల నడక

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు జరుగుతాయి. 2016 నుంచి దేశమంతటా ఉన్న ఏర్పాటు ఇది. ఇల్లందు వంటి పట్టణంలో ఆ రోజున ఆసుపత్రి వరండాలో కాసేపు నిలబడి చూస్తే, ఎవరికి ఎన్నో నెలో అడగవలసిన పని ఉండదు. మూడో నెల గర్భిణి పేరు పిలవగానే లేచి చకచకా వెళ్తుంది. ఆరో నెల గర్భిణి లేవబోయే ముందు మోకాలిపై చేయి ఆనిస్తుంది. నెలలు నిండిన ఆమె భుజాలు వెనక్కు వాల్చి, నడుముపై ఒక చేయి ఉంచి, పాదాలు కాస్త ఎడంగా వేస్తూ వస్తుంది. బురఖాలో ఉన్నా, చీరలో ఉన్నా నడక దాగదు. "ఆమె ఒట్టి మనిషి కాదు" అని మన పెద్దవాళ్లు దూరం నుంచే చెప్పగలగడం ఇందువల్లనే.

అయితే ఆ నడకను చూసి మన ఇళ్లలో చెప్పే మాటలన్నీ నమ్మదగినవి కావు. గడప దాటేటప్పుడు కుడికాలు ముందు వేస్తే మగబిడ్డ అని, ఎడమకాలు వేస్తే ఆడపిల్ల అని ఇప్పటికీ జోస్యం చెబుతుంటారు. ఇది పూర్తిగా నిరాధారం. గర్భంలో ఏమున్నదో అల్లాహ్‌కు తెలుసునని విశ్వసించే ఇళ్లలో ఇలాంటి లెక్కలు వినిపించడమే విచిత్రం. నడక బిడ్డను గురించి ఏమీ చెప్పదు, తల్లిని గురించి మాత్రం ఎంతో చెబుతుంది.

చూడి ఆవును గమనించండి. దాని కడుపు నాలుగు కాళ్ల మధ్య వేలాడుతుంది. ఎంత బరువైనా అది ముందుకు తూలదు. మనిషి సంగతి వేరు. శరీర భారమంతా రెండు పాదాల మధ్యనున్న కొద్దిపాటి చోటుపై నిలవాలి. గర్భవతికి తొమ్మిది నెలలలో సుమారు 10 నుంచి 12 కిలోల బరువు పెరుగుతుంది. బిడ్డ, మావి, ఉమ్మనీరు కలిసిన భారమంతా శరీరానికి ముందువైపున చేరుతుంది. సరిదిద్దుకోకపోతే ఆమె ముందుకు పడిపోవలసిందే. అందుకే నడుము తనంతట తాను లోపలికి మరింత వంగుతుంది, భుజాలు వెనక్కు జరుగుతాయి. తల మళ్లీ పాదాలపైకి వస్తుంది.

స్త్రీ వెన్నెముక ఇందుకు అనువుగానే ఉన్నది. కేథరిన్ విట్‌కమ్, లిజా షపీరో, డేనియల్ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2007లో 'నేచర్' పత్రికలో దీనిని వివరించారు. నడుము దగ్గరి వంపు పురుషునిలో రెండు వెన్నుపూసలపై పడితే, స్త్రీలో మూడు వెన్నుపూసలపై పంచుకొని ఉంటుందని వారు చూపారు. వంపు ఎంత పెరిగినా భారం ఒకేచోట పడకుండా ఉండడానికి ఇది తోడ్పడుతుంది. తల్లి ఆ బిడ్డను బలహీనతపై బలహీనతను ఓర్చుకుంటూ మోసిందని లుక్మాన్ సూరా గుర్తుచేస్తున్నది. ఆ మోతకు తగిన అమరిక ఆమె ఎముకలలోనే ఉన్నదన్నమాట.

ఇక 'బాతు నడక' సంగతి. గర్భిణులందరూ ఊగుతూ నడుస్తారని సామాన్యంగా అనుకుంటాము. అమెరికాలో 15 మంది స్త్రీలను చివరి నెలల్లో ఒకసారి, ప్రసవమైన ఏడాదికి మరొకసారి నడిపించి కొలిచిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. నడక తీరులో వారు ఊహించినంత మార్పు కనిపించలేదు. మార్పు వచ్చింది కండరాల శ్రమలో! ఆ మామూలు నడకను నిలబెట్టుకోవడానికి తుంటి కండరాలు, పిక్కలు మునుపటికంటే ఎంతో ఎక్కువగా పనిచేస్తున్నాయని తేలింది. ఈ విషయం ఇంట్లోవాళ్లు, ముఖ్యంగా భర్తలు, గ్రహించవలసినది. ఆమె బాగానే నడుస్తున్నట్లు కనిపిస్తుంది. సాయంత్రానికి నడుము, తుంటి, పిక్కలు పీకుతున్నాయని అంటే "రోజంతా ఇంట్లోనే ఉన్నావు కదా" అని కసురుకుంటాము. ఆ ఇంట్లోనే ఆమె వేసిన ప్రతి అడుగుకూ అదనపు కూలి పడింది.

దీనికితోడు ప్రసవానికి దారి ఇవ్వడానికి హార్మోన్ల ప్రభావంతో కటి ఎముకల కీళ్లు కొంత వదులవుతాయి. మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు ఉండే ముందు కీలు ఎడం మరో 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ కీళ్ల దగ్గర నొప్పి వస్తుంది. పక్కమీద అటు నుంచి ఇటు తిరిగినా, మెట్లెక్కినా, ఒంటికాలిపై నిలబడి సల్వార్ తొడుక్కున్నా గజ్జల్లో చురుక్కుమంటుంది. కూర్చుని బట్టలు మార్చుకోవడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం, ఒక చంకన పెద్దబిడ్డను ఎత్తుకోకుండా ఉండడం కొంత ఉపశమనమిస్తాయి. నొప్పి ఉన్నప్పుడు "బాగా నడిస్తే కాన్పు తేలికవుతుంది" అని బలవంతంగా నడిపించడం మంచిది కాదు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి వారానికి మొత్తం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజూ నడిచే నడక అందుకు చాలును. నొప్పితో కుంటుతూ నడవడం ఆ లెక్కలోకి రాదు.

పాదాలు కూడా మారతాయి. అరికాలి వంపు కొంత దిగిపోయి, పాదం పొడవు 2 నుంచి 10 మిల్లీమీటర్ల వరకు పెరగవచ్చునని 2013లో అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెలిపారు. వారు పరిశీలించిన స్త్రీలలో సగానికి పైగా ఇలా జరిగింది, ప్రసవం తరువాత కూడా పాదం పాత కొలతకు రాలేదు. పెళ్లినాటి చెప్పులు మొదటి కాన్పు తరువాత బిగుతయ్యాయని చెప్పే సోదరీమణులు అబద్ధమాడడం లేదు. కొత్త జత కొనడం దుబారా కాదు.

ఎందుకంటే పడిపోవడమే అసలు ప్రమాదం. అమెరికాలో దాదాపు 4,000 మంది తల్లులను విచారించగా 27 శాతం మంది గర్భవతులుగా ఉన్నప్పుడు కనీసం ఒకసారి పడినట్లు 2010లో వెల్లడైంది. కడుపు అడ్డమై తన పాదాలే తనకు కనిపించని ఆమె ముందు మన ఇళ్లలో ఎన్ని అడ్డంకులు! ఎత్తైన గడప, నాచుపట్టిన స్నానాల గది, వుజూ చేసిన చోట నిలిచిన నీరు, నేలను తాకే బురఖా అంచు. ఏడో నెల నుంచి ఆ అంచును రెండంగుళాలు మడిచి కుట్టించడం, వుజూ చేసేటప్పుడు కూర్చోవడానికి పీట వేయడం ఎంత పని? వర్షాకాలంలో మన బొగ్గు పట్టణపు వాలు వీధులు బురదతో జారుతుంటాయి. అప్పుడు ఆమె పక్కన ఒకరు నడవాలి, ఆమె చేతిలో సంచి ఉండకూడదు.

సంచి మాట వచ్చింది కనుక, ఇల్లందు చుట్టుపక్కల అడవి అంచున బతికే అక్కచెల్లెళ్లను తలచుకోకుండా ఉండలేము. గుండాల వైపు గూడేలలో ఇప్పపువ్వు ఏరేది, వేసవిలో తునికాకు కోసేది ఎక్కువగా స్త్రీలే. 50 ఆకులకు ఒక కట్ట, కట్టల లెక్కన డబ్బు. వంగి కోయడం, మూట తలకెత్తుకుని ఎండలో తిరిగి రావడం. కడుపు ముందుకు లాగుతుంటే మూట మెడను కిందికి నొక్కుతుంది. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు భద్రాచలం మన్యం నుంచి తరచుగా చదువుతూనే ఉన్నాము. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం గనులకు, కర్మాగారాలకు మొదటి నుంచీ వర్తించింది. కాన్పుకు ముందరి ఆరు వారాలకు ముందున్న నెలలో, ఆమె కోరితే, ఎక్కువసేపు నిలబడవలసిన పనిగాని, కష్టమైన పనిగాని ఇవ్వరాదని ఆ చట్టం చెప్పింది. కట్టల లెక్కన పనిచేసే తల్లి ఆ మాట ఎవరిని అడగాలి?

ఆమెకు ఎండ ఎక్కువైతే, పట్టణంలోని మన ఇళ్లలో కొందరికి ఎండ తగలదు. ఇది ఇంకా శ్రద్ధగా చదవవలసిన విషయం. గర్భం వల్ల కాక, ఎముకలు మెత్తబడడం వల్ల వచ్చే నిజమైన ఊగిసలాట నడక ఒకటున్నది. విటమిన్ డి లోపించి, వెంటవెంటనే కాన్పులు అయిన స్త్రీలలో ఇది వస్తుంది. కాశ్మీర్‌లో వైద్యురాలిగా పనిచేసిన కేథ్లీన్ వాన్ 1928లో దీనిపై ఒక పుస్తకమే రాశారు. వెలుతురు రాని గదులలో గడిపే స్త్రీల కటి ఎముకలు వంకరపోయి కాన్పులు ప్రాణాంతకమవుతున్నాయని, ఆరుబయట పనిచేసే స్త్రీలలో ఆ వ్యాధి కనిపించడం లేదని ఆమె గమనించారు. ఆమె పర్దాను తప్పుపట్టారు. ధర్మం మనకు ఆజ్ఞాపించింది పర్దానే గాని చీకటి గదిని కాదు. మేడ మీద, పెరట్లో, పరాయివారు చూడని చోట ముఖం, చేతులు, పాదాలకు ఎండ తగలనిస్తే సరిపోతుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళ ఎండ ఇందుకు పనికివస్తుంది. వేసవిలో తొమ్మిదిన్నరకే ఆ వేళ అవుతుంది, కొద్ది నిమిషాలు చాలు. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే ప్రయోజనం లేదు.

నేలమీద నుంచి లేవాలంటే తొడలపై చేతులు ఊని పాకినట్లు లేవడం, తొడ ఎముకల్లో సలుపు, మెట్లెక్కలేకపోవడం, కాన్పై నెలలు గడిచినా ఊగుతూ నడవడం కనిపిస్తే "గర్భం అంటే అంతేలే" అని ఊరుకోరాదు, రక్తపరీక్ష చేయించాలి. ప్రభుత్వం నాలుగో నెల నుంచి ఇచ్చే కాల్షియం మాత్రలలో విటమిన్ డి కూడా ఉంటుంది. వాటిని ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మింగితే ఐరన్ ఒంటబట్టదు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

నమాజు విషయంలో చాలామంది సోదరీమణులు మొహమాటపడుతుంటారు. ఏడెనిమిది నెలలలో సజ్దా నుంచి లేవడం కళ్లు తిరిగేటంత కష్టమవుతుంది. నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని చేయవచ్చునని దైవప్రవక్త (సఅసం) అనుమతించారు. కుర్చీపై కూర్చుని సైగతో సజ్దా చేసే కోడలిని అత్తగారు అదోలా చూడనవసరం లేదు. హజ్రత్ అస్మా (రజి) నెలలు నిండిన స్థితిలో మక్కా నుంచి బయలుదేరి, ఖుబాలో అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)కు జన్మనిచ్చారు. ఆ స్థితిలో అంత దూరం ప్రయాణించిన ఆమె ధైర్యాన్ని కొనియాడుతాము. ఆమె పేరు చెప్పి మన ఇంటి గర్భిణిని నీళ్ల బిందెలు మోయమనడం మాత్రం న్యాయం కాదు.

చివరిగా, నడకలో వచ్చే ఒక మార్పుకు మాత్రం మరుసటి నెల 9వ తేదీ వరకు ఆగరాదు. రెండు పాదాలూ సమానంగా ఉబ్బడం సాధారణమే అయినా, దానితో తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే రక్తపోటు వెంటనే చూపించాలి. ఒకే కాలు ఉబ్బి, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు కనిపించి ఆమె ఆ కాలు మోపలేకపోతుంటే నరంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు ఆ కాలిని మర్దన చేయకూడదు. నూనె గిన్నె పక్కన పెట్టి 108కి ఫోను చేయాలి.