పిల్లల ఫోన్లో ట్యాంకుల యుద్ధం: మేం ఆడి చూసింది, పెద్దలు తెలుసుకోవాల్సింది

బడి వదిలాక నలుగురు పిల్లలు ఒకే ఫోన్ మీద తలలు వంచి కూర్చున్నారంటే అక్కడ ఏదో ఒక ఆట నడుస్తున్నట్టే. తుపాకుల ఆటల సంగతి మన పెద్దలకు కొంత తెలుసు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం నిషేధించినప్పుడు ఆ పేరు ఇంటింటా వినబడింది. వాహనాలతో తలపడే ఆటల గురించి మాత్రం తెలుగులో చెప్పినవాళ్లు తక్కువ. అందుకే వాటిలో బాగా పేరున్న 'వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ బ్లిట్జ్'ను వారం రోజులు సాయంత్రాలు మేమే ఆడి చూశాం. ఇవి మా తొలి అభిప్రాయాలు.

ఆట ఎలా ఉంటుంది?

దీన్ని తయారుచేసింది వార్‌గేమింగ్ అనే సంస్థ. 1998లో బెలారస్ రాజధాని మిన్స్క్‌లో మొదలైన ఈ సంస్థ 2010లో కంప్యూటర్ల కోసం 'వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్' తెచ్చింది. దాన్ని ఫోన్‌కు తగ్గట్టు కుదించి 2014 జూన్‌లో ఐఫోన్లకు, అదే ఏడాది డిసెంబరులో ఆండ్రాయిడ్ ఫోన్లకు బ్లిట్జ్‌ను విడుదల చేసింది.

ఒక పక్క ఏడుగురు, ఇంకో పక్క ఏడుగురు. ఒక్కొక్కరికి ఒక్క ట్యాంకు. ఎడమ బొటనవేలితో బండి నడపాలి, కుడి బొటనవేలితో గురి చూసి కాల్చాలి. ఎదుటి పక్షం ట్యాంకులన్నిటినీ కూల్చినా, మైదానంలో గుర్తుపెట్టిన స్థావరాన్ని పట్టుకున్నా గెలుపే. ఒక్కో పోరు ఎక్కువలో ఎక్కువ ఏడు నిమిషాలు. ట్యాంకుల్లో చాలామటుకు రెండో ప్రపంచ యుద్ధం నాటివి, ఆ తర్వాతి కాలానివి. వీటిని పది శ్రేణులుగా విడగొట్టారు. కింది శ్రేణి బండితో ఆడి అనుభవం పోగుచేసుకుంటేనే పై శ్రేణి బండి దొరుకుతుంది.

మొదటి పోరులో మేం చేసిన పని చెబితే పిల్లలు నవ్వుతారు. బండిని తిన్నగా మైదానం నడిమధ్యకు తోలాం. ఎటునుంచి కాలుస్తున్నారో కూడా కనబడలేదు, నిమిషం తిరక్కుండానే మా ట్యాంకు మంటల్లో ఉంది. రెండోసారీ అంతే. మూడోసారికి అర్థమైంది, ఇది ఉరుకులాట కాదు, చాటు చూసుకునే ఆట అని.

పావగడ కొండకోట ఎక్కినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. పెద్ద పెద్ద గుండ్ల మధ్య కోట ఎందుకు కట్టారు? పైనున్నవాడికి కింద వచ్చేవాడు కనబడతాడు, కిందివాడికి పైవాడి తల మాత్రమే కనబడుతుంది. ఆటలోనూ గుట్ట వెనక బండిని ఆపి ఫిరంగి ఉన్న పైభాగం మాత్రమే బయటపెట్టినవాడు ఎక్కువసేపు నిలబడతాడు. పొదల చాటున కదలకుండా ఉన్న బండి శత్రువుకు త్వరగా కనబడదు. తోటివాళ్లను వదిలి ఒంటరిగా ముందుకు పోయినవాడు ముందే పోతాడు.

ఇందులో లెక్క కూడా ఉంది

మాకు బాగా నచ్చింది కవచం సంగతి. దోసకాయను అడ్డంగా కోస్తే చిన్న గుండ్రటి ముక్క వస్తుంది. ఏటవాలుగా కోస్తే పొడుగాటి ముక్క వస్తుంది. కాయ అదే, కత్తి దాటాల్సిన దూరం పెరిగింది. ట్యాంకు కవచమూ అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం వాడిన టీ-34 ట్యాంకు ముందుభాగం రేకు మందం 45 మిల్లీమీటర్లు. దాన్ని నిలువు గీత నుంచి 60 డిగ్రీలు వాల్చి బిగించారు. 60 డిగ్రీల కొసైన్ విలువ సగం కాబట్టి, ఎదురుగా వచ్చే గుండు 90 మిల్లీమీటర్ల ఇనుమును దాటాల్సి వస్తుంది. ఆటలో ఈ సూత్రం పనిచేస్తుంది. బండిని కొంచెం పక్కకు తిప్పి నిలబెడితే, నేరుగా తగిలితే లోపలికి దూరే గుండు జారి పక్కకు పోతుంది.

ఎస్‌ఎస్‌ఎల్‌సీ గణితంలో త్రికోణమితి చూసి భయపడే పిల్లవాడికి ఈ ఒక్క ఉదాహరణ చెప్పి చూడండి. వాడికి రోజూ వేళ్ల కింద ఉన్న విషయమే.

డబ్బు ఎక్కడ వస్తుంది?

ఆట ఉచితం. కింది శ్రేణుల్లో పైసా పెట్టకుండా హాయిగా ఆడవచ్చు. పైకి పోయేకొద్దీ సంగతి మారుతుంది. కొత్త బండి కోసం ఆడాల్సిన పోరుల సంఖ్య పెరుగుతుంది. పోరు అయ్యాక మరమ్మతుకు, గుండ్లకు ఆటలోని నాణేలు కట్టాలి. పై శ్రేణుల్లో ఒక్కోసారి సంపాదన కన్నా ఖర్చే ఎక్కువ. అప్పుడు రెండు దారులు. ఓపిగ్గా కింది బండ్లతో ఆడి కూడబెట్టుకోవడం ఒకటి. అసలు రూపాయలు పెట్టి 'గోల్డ్' కొనడం రెండోది. గోల్డ్‌తో ప్రత్యేక బండ్లు, త్వరగా పైకి పోయే ప్రీమియం సౌకర్యం దొరుకుతాయి. లోపల ఏముందో ముందే తెలియని పెట్టెలు కూడా అమ్ముతారు. అంటే ఇక్కడ అమ్మేది ముఖ్యంగా ఎదురుచూపును తగ్గించుకునే అవకాశం. పదమూడేళ్ల పిల్లవాడికి ఎదురుచూపు ఎంత కష్టమో మనకు తెలుసు.

ఇది రమ్మీలాంటిదా అని అడగవచ్చు. కాదు. డబ్బు పందెం పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఈ ట్యాంకుల ఆటలో పెట్టిన డబ్బుకు డబ్బు గెలిచేది లేదు. కాబట్టి ఇందులో ఆశ చూపి ముంచే పందెం లేదు, చిన్న చిన్నగా జేబు ఖాళీ చేసే కొట్టు మాత్రం ఉంది.

మన ఇళ్లలో అసలు చిక్కు

మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా మనది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఆట ఎంచుకునే భాషల్లో తెలుగూ లేదు, కన్నడమూ లేదు. పిల్లలు ఆడుతూ ఆడుతూ ఇంగ్లీషు బొత్తాలన్నీ గుర్తుపట్టేస్తారు. పెద్దలకు మాత్రం తెర మీద ఏది 'కాల్చు' బొత్తామో, ఏది 'కొను' బొత్తామో తెలియదు. వానల్లేక పనికోసం బెంగళూరు పోయిన తల్లిదండ్రుల పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. వాళ్లు పంపిన డబ్బు పడే ఖాతా, పిల్లవాడు ఆడే ఆట, రెండూ ఒకే ఫోన్లో ఉంటాయి. యూపీఐ పిన్ మనవడికే తెలిసిన ఇళ్లు మనలో లేవా?

ఆటను తిట్టి ఫోన్ లాక్కుంటే పక్కింటి ఫోన్లో ఆడతారు. అందుకని మేం చెప్పేది ఇది.

ప్లే స్టోర్ సెట్టింగుల్లో, కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టించండి. వేలిముద్ర పెద్దలదే ఉండాలి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పవద్దు. చెప్పి ఉంటే ఈరోజే మార్చండి.

కాలానికి గంటలు కాకుండా పోరుల లెక్క పెట్టండి. పోరు మధ్యలో ఫోన్ లాక్కుంటే పిల్లవాడికి కోపం రావడం సహజం, ఆరుగురు తోటివాళ్లను వదిలి వచ్చినట్టు వాడికి అనిపిస్తుంది. 'మూడు పోరులు, ఆ తర్వాత పుస్తకం' అంటే వినే అవకాశం ఎక్కువ. ఏడు నిమిషాల ఆటలో మోసం 'ఇంకొక్కటి' అనే మాటలోనే ఉంది. మేమూ రెండు రాత్రులు ఆ మాటకు లొంగిపోయాం.

గోల్డ్ ఉచితంగా ఇస్తామని వచ్చే లింకులు నొక్కవద్దని, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని పిల్లలకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా ముందు, ఒక్కరోజు పిల్లవాడి పక్కన కూర్చుని 'ఏమప్పా, ఇదెట్లా ఆడేది, నాకూ చెప్పు' అని తెలుగులో అడగండి. ఏ బొత్తాం దేనికో వాడే చూపిస్తాడు. డబ్బడిగే బొత్తాం ఏదో అప్పుడే మీకూ తెలిసిపోతుంది.