అప్పుడప్పుడు ఉలిక్కిపడే ముల్లు

ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయిందా, తన కాడ జారే గైడ్‌లో ఇరుక్కుంటోందా అని అడిగితే కంప్రెషన్ గేజ్ చెప్పలేదు. కారే వాల్వ్ ఏదైనా అది చూపించేది తక్కువ పీడనమే. పైగా ఇరుక్కునే వాల్వ్ పరీక్ష జరిగే ఆ అర నిమిషం బుద్ధిగా మూసుకుందంటే, ఇంజన్‌కు ఏ జబ్బూ లేదని గేజ్ సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. కాలిన వాల్వ్ ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఇరుక్కునేది కాసేపు కారుతుంది, కాసేపు కారదు. దాన్ని పట్టాలంటే నడుస్తున్న ఇంజన్‌ను కొన్ని నిమిషాల పాటు కనిపెట్టి ఉండే పరికరం కావాలి. నా లెక్కలో ఆ పనికి కంప్యూటర్ కోడ్‌లు చదివే స్కానర్ కన్నా పాతకాలపు వాక్యూమ్ గేజ్ మేలు.

అసలు ఆ వాల్వ్ బతుకే నిప్పుల మీద. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ మండిన వాయువులు దాని మెడను ఒరుసుకుంటూ పోతాయి. గట్టిగా పనిచేసే ఇంజన్‌లో తల వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం వాల్వ్ మూసుకుని సీటింగ్‌కు ఆనుకున్న క్షణాల్లో దిగిపోతుంది, మిగిలింది కాడ గుండా గైడ్‌లోకి పోతుంది. కాడకూ గైడ్‌కూ మధ్య సందు వెంట్రుక మందమంత ఉంటే గొప్ప. అందులోకి దిగిన ఆయిల్ మాడి గట్టిపడితే, స్ప్రింగ్ ఎంత లాగినా వాల్వ్ సీటింగ్ మీదికి సమయానికి చేరదు. చేరకపోతే చల్లబడదు, చల్లబడకపోతే మసి ఇంకా పేరుకుంటుంది. పొద్దున్నే మిస్సింగ్ కొట్టి, ఇంజన్ వేడెక్కాక సర్దుకుంటే, బిగుసుకున్న జిగురు వేడికి మెత్తబడిందని అనుమానించవచ్చు. వేడెక్కాకే మొదలైతే, ఉబ్బిన కాడకు గైడ్‌లో చోటు చాలడం లేదేమో చూడాలి.

వాక్యూమ్ గేజ్‌ను రబ్బరు గొట్టంతో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు తగిలిస్తారు. ఐడిల్‌లో ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజన్ సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 22 అంగుళాల పాదరసం చూపిస్తుంది, ముల్లు కదలదు. (విశాఖ తీరంలో చూపించిన దానికన్నా హైదరాబాద్ ఎత్తున అదే ఇంజన్ ఒకటిన్నర అంగుళానికి పైగా తక్కువ చూపిస్తుంది. అది జబ్బు కాదు, అక్కడి గాలే పలచన.) ఆ శూన్యం పిస్టన్లు గాలిని లాగడం వల్ల పుడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోకుండా ఉండిపోతే, ఆ సిలిండర్ మానిఫోల్డ్ నుంచి లాగాల్సినదాన్ని సైలెన్సర్ వైపు నుంచి పొగగా లాగేసుకుంటుంది. అంతే, ముల్లు కిందికి ఉలిక్కిపడుతుంది. అసలు తమాషా ఆ ఉలికిపాటు లయలో ఉంది. కాలిన వాల్వ్ అయితే ఆ సిలిండర్ వంతు వచ్చిన ప్రతిసారీ తాళం తప్పకుండా పడుతుంది. ఇరుక్కునే వాల్వ్ అయితే నాలుగు సార్లు ఊరుకుని ఐదోసారి పడుతుంది, మళ్లీ రెండింటికే పడుతుంది. ఆ తాళం తప్పడమే మనకు దొరికిన సాక్ష్యం.

స్కానర్ ఉండగా ఇదంతా ఎందుకనవచ్చు. పి0301 అని కోడ్ వస్తే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని అర్థం. క్రాంక్ వేగంలో తడబాటు చూసి కంప్యూటర్ ఆ మాట అంటుంది, కారణం దానికి తెలియదు. మరింత బలమైన అభ్యంతరం ఒకటుంది: ప్లగ్ అప్పుడప్పుడు వెలగకపోయినా ముల్లు ఇలాగే పడుతుంది కదా? నిజమే. అందుకే ముందు ప్లగ్‌నూ కాయిల్‌నూ పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. జబ్బు వాటితో పాటు వెళ్లిపోతే వాల్వ్ నిర్దోషి. వెళ్లకపోతే ట్యాపెట్ క్లియరెన్స్ కొలవాలి, ఎందుకంటే ఖాళీ అస్సలు లేని ట్యాపెట్ కూడా వాల్వ్‌ను కూర్చోనివ్వదు. ఆ పైన లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ను కంప్రెషన్ పైకొసకు తెచ్చి ప్లగ్ రంధ్రంలోంచి గాలి కొట్టినప్పుడు సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. దీనికి మించిన రుజువు లేదనేవాళ్లతో నాకు సగమే ఏకీభావం. ఆ పరీక్ష ఆగిన ఇంజన్‌ను అడుగుతుంది. జబ్బు కనబడే వేళ, అంటే చల్లగా ఉన్నప్పుడో వేడిగా ఉన్నప్పుడో, ఇంజన్ ఆపిన వెంటనే చేస్తేనే ఆ జవాబుకు విలువ.

ఈ వాల్వుల చప్పుడు భరించలేక చార్లెస్ నైట్ అనే అమెరికన్ వాల్వులనే తీసేసి, సిలిండర్‌లో జారే స్లీవ్‌లు పెట్టాడు. బ్రిటన్‌లో డైమ్లర్ కంపెనీ 1909 నుంచి ఆ నిశ్శబ్ద ఇంజన్లు అమ్మింది. ఆయిల్ మాత్రం తెగ తాగేవి. పుట్టగొడుగు వాల్వ్‌ను నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు ఇంజనీరు శామ్ హెరాన్. ఆయన బోలు కాడలో సోడియం పోశాడు. 98 డిగ్రీల దగ్గర కరిగే ఆ లోహం లోపల ఎగిరెగిరిపడుతూ తల వేడిని కాడలోకి మోసుకొస్తుంది. 1927లో పైలట్ లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానపు రైట్ ఇంజన్‌లో అలాంటి వాల్వులే ఉన్నాయి. తల కాలడం తగ్గింది, కానీ ఆ వేడంతా వచ్చి చేరింది ఎక్కడికి? ఆయిల్ మాడే గైడ్ దగ్గరికే. సోడియం వాల్వులున్న లైకమింగ్ విమాన ఇంజన్లలో పొద్దుటి మిస్సింగ్‌కు మెకానిక్కులు పెట్టుకున్న పేరు మార్నింగ్ సిక్‌నెస్. వాళ్లు సిలిండర్ విప్పరు. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి తాడు కూరి, పిస్టన్‌తో దాన్ని వాల్వ్‌కు అదిమి స్ప్రింగ్ తీసేస్తారు. తర్వాత తాడు లాగేసి, వాల్వ్‌ను సిలిండర్‌లోకి తోసి, గైడ్‌లో మసి గీకి, అదే వాల్వ్‌ను మళ్లీ గైడ్‌లోకి చేపలా పట్టి లాగుతారు.